గాలికి ఫోటో

తెలుగు ఊళ్ళలో గద్ద పొద్దున్నే పెద్దగా ఎగరదు. తెల్లారేసరికి కాకులు, గోరువంకలు, పావురాలు పనిలో పడిపోతాయి. గద్ద మాత్రం సెల్ టవర్ మీదో, వాటర్ ట్యాంకు అంచు మీదో, ఎండిన కొబ్బరిచెట్టు మొండెం మీదో రెక్కలు ముడుచుకుని కూర్చుని ఉంటుంది. తొమ్మిదిన్నర, పది అయ్యాక ఒకటి లేస్తుంది. నాలుగుసార్లు రెక్క కొట్టి, ఆ తర్వాత కదపకుండా చుట్లు తిరుగుతూ పైకి పోతుంది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక మరో నాలుగు. పదకొండు దాటాక ఆ ఆకాశంలోనే తెల్లటి దూదిమబ్బులు ఒక్కొక్కటే పుట్టుకొస్తాయి. ఈ రెండు సంగతులూ విడివిడిగా అందరూ చూసినవే. రెండింటికీ కారణం ఒకటే. నేల మీద వేడెక్కి పైకి లేచే గాలి. అది కంటికి కనపడదు, కెమెరాకూ కనపడదు. గద్ద దాని మీద ఎక్కి తిరుగుతుంది, మబ్బు దాని కొసన పుడుతుంది. ఇంటి మేడ ఎక్కి పిట్టలకూ మబ్బులకూ ఫోటోలు తీసేవాళ్ళు తెలిసో తెలియకో గాలికి ఫోటో తీస్తున్నారు.

ఎండ గాలిని నేరుగా వేడెక్కించేది తక్కువ. ముందు నేలను కాలుస్తుంది, నేల తన మీదున్న గాలిని వేడెక్కిస్తుంది. అన్ని నేలలూ ఒకేలా కాలవు. తారురోడ్డు, డాబా శ్లాబు, రాతిగుట్ట, దున్నిన పొడి చేను తొందరగా కాలతాయి. చెరువు, వరిమడి, మామిడితోట నిదానిస్తాయి. ఎక్కువ కాలిన చోట గాలి వ్యాకోచించి, తేలికై, బుడగలు బుడగలుగా పైకి లేస్తుంది. గ్లైడర్ విమానాలు నడిపేవాళ్ళు వీటిని థర్మల్స్ అంటారు. గద్ద బరువు ముప్పాతిక కిలో ఉంటుంది, రెక్కలు చాపితే ఆ చివర నుంచి ఈ చివరికి మీటరున్నర. ఇంత తక్కువ బరువును అంత వెడల్పు మీద పరిచిన ఒళ్ళు కాబట్టి సెకనుకు మీటరో రెండు మీటర్లో లేచే గాలి దాన్ని సులువుగా మోసుకుపోతుంది. బుడగ వెడల్పు తక్కువ, అందులోంచి బయటపడితే కిందికి జారాల్సిందే, అందుకే చుట్లు. గద్ద ఎక్కడ చుట్లు తిరుగుతుందో చూస్తే ఊళ్ళో ఏ వైపు నేల ముందుగా కాలిందో చెప్పొచ్చు.

అలా లేచిన గాలి పైకి పోయినకొద్దీ చల్లబడుతుంది, ప్రతి కిలోమీటరుకూ దాదాపు 10 డిగ్రీలు. చల్లబడి చల్లబడి ఒక ఎత్తులో అందులోని నీటి ఆవిరి ఇక ఆవిరిగా ఉండలేక ధూళి రేణువుల మీద చిన్న చిన్న బిందువులుగా మారుతుంది. మబ్బు అడుగు అదే. ఆ ఎత్తు ఎంతో ఇంట్లో కూర్చుని లెక్కగట్టొచ్చు. ఫోన్‌లో వాతావరణం చూపించే యాప్ తెరిస్తే ఉష్ణోగ్రతతోపాటు డ్యూ పాయింట్ అని ఒక అంకె ఉంటుంది. బడి పుస్తకాల్లో తుషార బిందువు అని చదువుకున్నదే. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి, మిగిలినదాన్ని 125తో గుణిస్తే దూదిమబ్బు అడుగు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో సుమారుగా వస్తుంది. జులై మధ్యాహ్నం 34 డిగ్రీల ఎండ, 24 డిగ్రీల డ్యూ పాయింట్ ఉంటే తేడా 10, మబ్బు అడుగు 1,250 మీటర్లు. మే నెలలో 42, 18 అయితే తేడా 24, మబ్బు 3 కిలోమీటర్ల మీద. నడివేసవిలో మబ్బులు చిన్నవిగా, ఎక్కడో అంతెత్తున కనపడటానికీ, వానాకాలంలో గుడిగోపురం తాకేలా కిందికి దిగడానికీ ఈ తీసివేతే కారణం. ఈ లెక్క ఎండకు లేచే దూదిమబ్బులకే పనికొస్తుంది. ముసురు పట్టిన రోజు పరిచిన దుప్పటి మబ్బుకు వాడకండి.

మేడ మీద నుంచి దూరపు దూదిమబ్బుల వరసను అడ్డంగా ఫోటో తీసి చూడండి. పైభాగాలు ఒకదానికొకటి పోలిక ఉండదు, అడుగులు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు ఒకే ఎత్తులో ఉంటాయి. ఆ సమతలం పైన ఆవిరి నీరైంది, కింద ఇంకా కాలేదు, అంతే తేడా. కిలోమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మామూలు దూదిమబ్బులో ఘనమీటరుకు అరగ్రాము నీరనుకుంటే మొత్తం 500 టన్నులు. ఇంత బరువు పడిపోదేమంటే, అది కోట్లానుకోట్ల బిందువులుగా చీలి ఉంది. ఒక్కో బిందువు అడ్డుకొలత మిల్లీమీటరులో యాభయ్యో వంతు. నిశ్చలమైన గాలిలో అది సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున దిగుతుంది. కింది నుంచి వచ్చే గాలి సెకనుకు మీటరు చొప్పున ఎక్కుతుంది. గద్దను మోసిన గాలే ఈ 500 టన్నులనూ మోస్తోంది.

సముద్రతీరపు ఊళ్ళవాళ్ళకు ఇంకో వింత ఉంది. విశాఖలోనో కాకినాడలోనో మధ్యాహ్నం మేడెక్కితే సముద్రం వైపు ఆకాశం ఖాళీగా, లోపలి నేల వైపు మబ్బుల బారుతో కనపడే రోజులు చాలా ఉంటాయి. నేల కాలి గాలి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రపు చల్లగాలి వస్తుంది. అది ముందుకు తోసుకుపోయిన అంచు వెంబడే మబ్బులు వరస కడతాయి. వెడల్పైన ఒక్క ఫోటోలో సముద్రపు గాలి ఎక్కడిదాకా వచ్చిందో గీత గీసి చూపించొచ్చు.

ఇక కెమెరా సంగతి. ఆకాశం ముందు కెమెరా పదేపదే పప్పులో కాలేస్తుంది. అందులోని కాంతిమాపకానికి తన ముందున్నది మబ్బో, పిట్టో, పెళ్ళికూతురో తెలియదు. లోకమంతా సగటున నడిమి బూడిదరంగు, పడిన కాంతిలో 18 శాతం తిప్పి పంపేది, అనుకుని లెక్క కడుతుంది. వెలుగుతున్న ఆకాశం చూపిస్తే దాన్ని బూడిదరంగుకు దించేస్తుంది. దాంతో ఆకాశం ముందున్న గద్ద, దాని పొట్ట మీది గోధుమరంగు ఈకలు, రెక్క కింది లేత మచ్చ అన్నీ పోయి నల్లటి కాగితపు ముక్క మిగులుతుంది. మందు సులువే. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ ఒకటి నుంచి రెండు దాకా పెంచాలి. ప్రతి మెట్టుకూ వెలుగు రెట్టింపవుతుంది. ఫోన్‌లో అయితే పిట్ట మీద వేలు ఆనించి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరపాలి. ఆకాశం తెల్లబడిపోతుంది, పోనీయండి.

మబ్బుకు దీనికి సరిగ్గా విరుద్ధం. ఎండపడ్డ మబ్బు అంచు ఒక హద్దు దాటి వెలిగితే సెన్సర్ నిండిపోతుంది. అక్కడ ఉన్న మడతలు, బుగ్గలు ఏవీ నమోదు కావు, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వాటిని తిరిగి తేలేదు. చీకట్లో పోయిన వివరం కొంత తీయొచ్చు, వెలుగులో పోయింది పోయినట్టే. అందుకని మబ్బుకు మైనస్ అరమెట్టు, ముప్పాతిక మెట్టు తగ్గించి తీయాలి. ఒకే ఫోటోలో గద్ద ఈకలూ, మబ్బు బుగ్గలూ రెండూ కావాలనుకునేవాళ్ళే ఎక్కువగా నిరాశపడతారు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. నన్నడిగితే దూదిమబ్బు కింద తిరిగే గద్దను నల్లగానే వదిలేయడం మేలు, అక్కడ మబ్బు ముఖ్యం. చెరువు వైపు నుంచి వచ్చే తెల్లకొంగ నల్లటి వానమబ్బు ముందునుంచి పోతున్నప్పుడు మాత్రం కెమెరా తప్పు అటు తిరుగుతుంది. చీకటి మబ్బును వెలిగించబోయి కొంగను సున్నపుముద్ద చేస్తుంది. అక్కడ తగ్గించాలి.

ఈ తగువు ఫోటోగ్రఫీ పుట్టినప్పటిది. పందొమ్మిదో శతాబ్దం నడుమ తీసిన ఫోటోల్లో చాలావాటిలో ఆకాశం ఉత్త తెల్లటి గోడలా ఉంటుంది. అప్పట్లో ఫోటోలకు వాడిన, కొలోడియన్ పూసిన గాజు పలకలు నీలికాంతికి మాత్రమే బాగా స్పందించేవి. వాటి కళ్ళకు నీలాకాశమూ తెల్లమబ్బూ సమానమే. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అనే ఆయన 1856, 57 ప్రాంతంలో సముద్ర దృశ్యాలు తీస్తూ, సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి వేరే నెగెటివ్ తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద ముద్రించేవాడు. చూసినవాళ్ళు నోళ్ళు తెరిచారు. ఇవాళ ఫోన్‌లోని హెచ్‌డీఆర్ చేసేది ఆ పనే, అరసెకనులో, మనల్ని అడగకుండా. దాంతో వచ్చే చిక్కు కూడా ఉంది. ఎగిరే పిట్ట మీద హెచ్‌డీఆర్ పనిచేస్తే ఒక పిట్టకు మూడు రెక్కలు మొలుస్తాయి. పిట్టల ఫోటోకు దాన్ని ఆపేయండి.

నీలాకాశంలో మబ్బు ఎందుకు తెల్లగా కనిపిస్తుందన్న ప్రశ్నకు జవాబు రేణువు సైజులో ఉంది. గాలి అణువులు కాంతి తరంగం కంటే చాలా చిన్నవి. అలాంటివి పొట్టి తరంగాలను ఎక్కువగా చెదరగొడతాయని 1871లో లార్డ్ రేలీ లెక్కగట్టాడు. తరంగం సగమైతే చెదరడం 16 రెట్లు. ఎరుపుతో పోలిస్తే నీలం నాలుగైదు రెట్లు ఎక్కువ చెదిరి ఆకాశమంతా పరుచుకుంటుంది. మబ్బు బిందువు కాంతి తరంగం కంటే ఎన్నో రెట్లు పెద్దది. అది అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడుతుంది, అన్నీ కలిసి తెలుపు. ఫోటోను నలుపు తెలుపులోకి మార్చి, ఎరుపు ఫిల్టర్ ఎంచుకుంటే నీలం ముదిరి మబ్బు విడిగా నిలబడుతుంది. పోలరైజర్ అద్దమూ ఇదే పని చేస్తుంది, కానీ దానికో షరతుంది. సూర్యుడికి లంబకోణంలో ఉన్న ఆకాశపు పట్టీలోనే దాని బలం. మన ప్రాంతంలో వేసవి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. హైదరాబాదులో మే 9, ఆగస్టు 3 చుట్టుపక్కల నిలువు కర్రకు నీడే ఉండదు. అప్పుడా పట్టీ దిగంతం చుట్టూ పడిపోతుంది, నెత్తి మీది ఆకాశానికి పోలరైజర్ పెట్టి లాభం లేదు. ఆ వేళ గద్ద పొట్ట కూడా పూర్తిగా నీడలో ఉంటుంది. గాలి ఇంకా లేస్తూ, ఎండ పక్కవాటుగా పడే వేళ సాయంత్రం నాలుగు, ఐదు గంటల మధ్య. మేడెక్కడానికి నా ఓటు దానికే.

పాలపిట్ట నీలానికి ఇక్కడే చోటివ్వాలి. దసరానాడు దాన్ని చూడటం శుభమని మనకు నమ్మకం, తెలంగాణకు రాష్ట్ర పక్షి కూడా. కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్ట, రెక్క విప్పిందా, ముదురు నీలం, లేత నీలం పట్టీలు. ఆ ఈకల్లో నీలి వర్ణకం లేదు. ఈక నారలో గాలి గదులతో నిండిన స్పాంజిలాంటి సూక్ష్మ నిర్మాణం ఉంటుంది, అది నీలాన్ని మాత్రం గట్టిగా తిప్పి పంపుతుంది. దాని వెనకున్న నల్లటి మెలనిన్ మిగతా రంగులను మింగేస్తుంది. సముద్రపు నీలం మీద పనిచేసిన సి.వి. రామన్ ఈ ఈకనూ వదల్లేదు. తాను స్థాపించిన భారత విజ్ఞాన అకాడమీ పత్రిక తొలి సంపుటంలోనే, 1934లో, పక్షుల ఈకల రంగుల మీద వ్యాసం రాశాడు, అందులో పరిశీలించింది పాలపిట్టనే. ఫోటో తీసేవాడికి ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. ఆ నీలం తిప్పి పంపిన కాంతిలోనే ఉంది. వెలుగు ఈక వెనక నుంచి వస్తే గోధుమరంగే మిగులుతుంది. కాబట్టి సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. పాలపిట్టను పంజరంలో పెట్టి దసరాకు దర్శనానికి తిప్పేవాళ్ళ దగ్గర మాత్రం ఫోటో తీయకండి, డబ్బులివ్వకండి. అలా పట్టడం నేరం, రెక్కలు కట్టేసిన పిట్టలు చాలావరకు బతకవు.

ఎగిరే పిట్ట కదలిపోయినట్టు ఎందుకొస్తుందో చిన్న గుణకారంతో తేలిపోతుంది. తేలుతూ పోయే గద్ద వేగం సెకనుకు పది మీటర్లనుకుందాం. షట్టర్ సెకనులో అరవయ్యో వంతు తెరిచి ఉంటే ఆ కాస్తలో గద్ద 17 సెంటీమీటర్లు జరిగిపోతుంది, మొహం మొత్తం అలికినట్టవుతుంది. వెయ్యో వంతయితే ఒక సెంటీమీటరు, పర్వాలేదు. పావురం దీనికంటే వేగం, పైగా రెక్క కొస ఒంటికంటే ఎంతో వేగంగా కదులుతుంది, రెండువేలో వంతు కావాలి. సాయంకాలం ఫ్లైఓవర్ల కింది నుంచీ, పాత భవనాల చూరుల నుంచీ గుంపులుగా బయటికొచ్చి కీచుమంటూ తిరిగే స్విఫ్టులకు అదీ చాలదు. వీటి యూరపు బంధువు ఒకటి గూటి కాలం తప్పిస్తే ఏడాదిలో పది నెలలు దాదాపు నేల తాకకుండా గాలిలోనే గడుపుతుందని స్వీడన్ పరిశోధకులు 2016లో నిరూపించారు. అలాంటిదాన్ని పిట్టగోడకు ఆనుకుని ఫోకస్ చేయబోవడం కొంచెం అత్యాశే.

ఇంకో గుణకారం దూరానికి. సెన్సర్ మీద పడే బొమ్మ సైజు ఎంతంటే, వస్తువు సైజును లెన్స్ ఫోకల్ పొడవుతో గుణించి దూరంతో భాగించాలి. నూరు మీటర్ల ఎత్తున ఉన్న మీటరున్నర గద్దకు 300 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే నాలుగున్నర మిల్లీమీటర్ల బొమ్మ వస్తుంది, మామూలు డీఎస్ఎల్‌ఆర్ సెన్సర్ వెడల్పులో అయిదో వంతు. ఫోన్ ప్రధాన లెన్స్ అసలు ఫోకల్ పొడవు ఆరు మిల్లీమీటర్లే. గద్ద అందులో మిల్లీమీటరులో పదో వంతు కూడా రాదు, నూరు పిక్సెళ్ళకు లోపే. దాన్ని వేళ్ళతో ఎంత సాగదీసినా పిట్ట పెరగదు, గళ్ళు పెరుగుతాయి. కాబట్టి మబ్బులకు ఫోన్ చాలు. పిట్టలకు పెద్ద లెన్సయినా కావాలి, లేదంటే దూరమైనా తగ్గాలి. అయిదంతస్తుల మేడ ఆ దూరాన్ని తగ్గిస్తుంది. గద్ద మన కళ్ళ ఎత్తులోనో, అంతకంటే కిందనో పోతుంది, నేల మీదవాళ్ళకు ఎప్పుడూ కనపడని రెక్క పైభాగం కనపడుతుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మాత్రం దగ్గర్లో గద్ద గూడుందేమో చూసుకోండి. పిల్లలున్న గద్ద నెత్తి మీదికి దూకుతుంది, ఆ గోలలో పిట్టగోడ అంచున నిలబడి వెనక్కి అడుగేస్తే పోయేది ఫోటో ఒక్కటే కాదు. పెద్ద లెన్స్ తెచ్చేముందు పక్కమేడ వాళ్ళకు ఒక మాట చెప్పి ఉంచడం కూడా మంచిది. గద్దను తీస్తున్నామని తర్వాత చెప్తే ఎవరూ నమ్మరు.

పక్షి రెక్క ఎలా ఆడుతుందో తెలుసుకోవడానికే ఒకాయన కెమెరాను తుపాకీగా మార్చాడు. ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే 1882లో తయారుచేసిన ఆ తుపాకీలో గుళ్ళు ఉండవు. గొట్టంలో లెన్స్, వెనక తిరిగే గుండ్రటి గాజు పలక. గురిపెట్టి మీట నొక్కితే సెకనుకు 12 బొమ్మలు. దానితో ఆయన నేపుల్స్ తీరంలో పక్షులను ‘కాల్చాడు’. రెక్క కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ ఒకే దారిలో పోదని, కొస ఒక వంపు గీస్తుందని అందులో తేలింది. సినిమా కెమెరాకు ఇది పూర్వీకుల్లో ఒకటి. ఇవాళ చాలా ఫోన్లలో సెకనుకు 240 బొమ్మల స్లో మోషన్ ఉంది, మారే తుపాకీకి ఇరవై రెట్లు. పావురం సెకనుకు ఏడెనిమిదిసార్లు రెక్క కొడుతుంది, ఒక్కో దెబ్బకు ముప్పై బొమ్మలు వస్తాయి. పిట్టగోడ మీది నుంచి లేచే పావురాన్ని తీసి నిదానంగా నడిపించి చూడండి. లేచే మొదటి క్షణాల్లో దాని రెక్కలు పైన ఒకదానికొకటి తగులుతాయి, ఆ చప్పట్లు మనం రోజూ వినేవే.

మేడ మీది ఫోటోగ్రఫీ ఎంతదాకా పోతుందో చూడాలంటే రోము నగరం చూడాలి. అక్కడి పెద్ద రైల్వే స్టేషన్ దగ్గర చలికాలం సాయంత్రాలు వేల గోరువంకజాతి పక్షులు, స్టార్లింగులు, నల్లటి పొగలా ఆకాశంలో మడతలు పడుతూ తిరుగుతాయి. ఇటలీ భౌతిక శాస్త్రవేత్తలు పక్కనే ఉన్న పలాత్సో మాసిమో మ్యూజియం పైకప్పు మీద కెమెరాలు పెట్టారు. వేర్వేరు చోట్ల నుంచి ఒకే క్షణంలో, సెకనుకు పదేసి ఫోటోలు తీశారు. మన రెండు కళ్ళూ దూరం పసిగట్టే పద్ధతిలోనే ఆ ఫోటోలను జోడించి, గుంపులో ఒక్కొక్క పక్షి ఎక్కడుందో త్రిమితీయంగా లెక్కకట్టారు. 2008లో వచ్చిన ఫలితం ఇది. ప్రతి పక్షీ తన చుట్టూ ఉన్న ఆరేడు పక్షులను చూసి తిరుగుతుంది, అవి దగ్గరున్నా దూరమున్నా సరే. నాయకుడు లేడు, ఆజ్ఞ లేదు. ఆ బృందంలో ఉన్న జార్జియో పారిసీకి 2021లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అది ఈ ఒక్క పనికే కాదు, చిక్కుముడి వ్యవస్థల మీద ఆయన జీవితకాలపు కృషికి. స్టార్లింగులకు దగ్గరి చుట్టాలైన గులాబీ గోరువంకలు చలికాలం మన జొన్నచేల మీదికి గుంపులుగా వస్తాయి. పొద్దుగూకే వేళ వాటి గుంపు తిరగడం రోములో దృశ్యానికి ఏమీ తీసిపోదు.

మన గడ్డకే చెందిన ప్రయోగం ఒకటుంది. దానికి ఫోనూ, ఒక ఇటుకా చాలు. జులై, ఆగస్టుల్లో మబ్బుల మధ్య సందులున్న రోజు చూసుకుని, ఫోన్‌ను ఇటుకకు ఆనించి ఆకాశంలోకి పెట్టండి. ట్యాంకు మూలో, కొబ్బరి మట్టో అంచున కనపడేలా ఉంచండి, కదలిక కొలవడానికి అదే ఆనవాలు. అయిదు సెకన్లకో ఫోటో చొప్పున అరగంట టైమ్ ల్యాప్స్ తీస్తే 360 బొమ్మలు, పన్నెండు సెకన్ల వీడియో. కింది మబ్బులు పడమటి నుంచి తూర్పుకు పరుగెడుతుంటాయి, అది నైరుతి రుతుపవనం. వాటి సందుల్లోంచి, ఎక్కడో పైన, గుర్రపుతోకల్లాంటి మంచు మబ్బులు తూర్పు నుంచి పడమటికి నిదానంగా జరుగుతుంటాయి. ఒకే ఆకాశంలో ఎదురెదురుగా రెండు గాలులు! పైదాన్ని ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహమంటారు. వానాకాలంలో దక్షిణ భారతం మీద 14, 15 కిలోమీటర్ల ఎత్తున గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగంతో వీస్తుంది. దాన్ని 1958లో శాస్త్రలోకం ముందు పెట్టినవాడు పంచేటి కోటేశ్వరం, తెలుగువాడు, తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యాడు. బెలూన్లు మోసుకెళ్ళిన పరికరాల అంకెల్లోంచి ఆయన వెతికి తీసిన ప్రవాహం తాలూకు ఒక ముక్క మీ వీడియోలో ఉంటుంది.

అందులో పై మబ్బు నిదానంగా పోతున్నట్టుంది కదా, మోసపోకండి. కిలోమీటరున్నర ఎత్తున సెకనుకు 15 మీటర్ల చొప్పున పోయే మబ్బు కంటే, 14 కిలోమీటర్ల ఎత్తున 40 మీటర్ల చొప్పున పోయేది మన కంటికి మూడు రెట్లకు పైగా నెమ్మదిగా కనపడుతుంది. నిజంగా పోయేది దాదాపు మూడు రెట్లు వేగంగా. అనంతపురం వైపు వాళ్ళకు ఈ వీడియో ఇంకోరకంగా తగులుతుంది. కింది మబ్బులు ఆగకుండా తూర్పుకు పోతూనే ఉంటాయి, వాన పడదు. పడమటి కనుమలు దాటేటప్పుడే నీళ్ళు చాలామటుకు దించేసి వచ్చిన గాలి అది. ఆ ఊరికి ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లే.

ఎత్తున పోయే ఆ మంచు మబ్బులు పలచని పొరగా పరుచుకుంటే సూర్యుడికో చందమామకో వరదగుడి కడుతుంది. గుడి దూరంగా కడితే వాన దగ్గరనీ, దగ్గరగా కడితే వాన దూరమనీ పల్లెల్లో పెద్దల మాట. ఇందులో ఉన్నవి రెండు వేర్వేరు గుళ్ళు. దూరపు గుడి మంచు స్ఫటికాలది. ఆరు పలకల స్ఫటికాల గుండా కాంతి కనీసం 22 డిగ్రీలు వంగి వస్తుంది కాబట్టి వలయం వ్యాసార్ధం ఎప్పుడూ అంతే. చెయ్యి చాచి బొటనవేలూ చిటికెనవేలూ ఎడంగా పెడితే ఇంచుమించు ఆ దూరం వస్తుంది. లోపలి అంచు ఎర్రగా ఉంటుంది. దగ్గరి గుడి నీటి బిందువులది, చందమామను అంటుకుని కొద్ది డిగ్రీల మేర, వెలుపలి అంచు ఎర్రగా. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు దాని నెత్తి మీద నుంచి మంచు మబ్బు వందల కిలోమీటర్లు ముందుకు పరుచుకొస్తుంది, వానకంటే ముందు గుడి కనపడుతుంది. పెద్దల మాటలో ఇంతవరకు నిజముంది. వాన రాని గుళ్ళు కూడా బోలెడు. ఫోన్ మామూలు లెన్స్‌లో వలయం మొత్తం పడుతుంది. సూర్యుణ్ణి ట్యాంకు అంచు చాటున దాచి తీయండి. డీఎస్ఎల్‌ఆర్ వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి సూర్యుడి వైపు తిప్పడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, రెటీనా కాలితే వైద్యం లేదు.

మబ్బులకు పేర్లు పెట్టింది లండన్‌లో మందులు తయారుచేసే ల్యూక్ హవర్డ్, 1802లో. క్యుములస్, సిర్రస్, స్ట్రేటస్ ఆయనవే. ఆ పేర్లు లోకమంతటా చెల్లుతాయా, లండన్ మబ్బూ ఉష్ణదేశాల మబ్బూ ఒకటేనా అన్న అనుమానంతో రాల్ఫ్ అబెర్‌క్రాంబీ 1880ల్లో కెమెరాతో భూగోళం చుట్టొచ్చాడు. ఒకటేనని తేలాక 1896లో అంతర్జాతీయ మేఘాల అట్లాస్ ఫోటోలతో అచ్చయింది. అందులోని పది రకాలే ఇవాళ్టికీ ప్రమాణం, ఆ పదీ మన మేడ మీంచి ఏడాదిలో చూడొచ్చు.

ఇన్ని చెప్పాక ఒక్క కోరిక. కెమెరాలో తేదీ, గడియారం సరిగ్గా పెట్టుకోండి. ఫోటో తీసినప్పుడు ఏ దిక్కుకు తిరిగి ఉన్నారో రాసుకోండి. అవి రెండూ ఉంటే మీ బొమ్మ ఇతరుల లెక్కల్లోకి వస్తుంది, లేకపోతే మీ ఆల్బమ్‌లోనే ఉండిపోతుంది. పిట్టల ఫోటోలు ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో చేర్చొచ్చు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పెరటి పక్షుల లెక్కింపులో భారతదేశం 2013 నుంచి పాల్గొంటోంది, దానికి పదిహేను నిమిషాలు మేడ మీద నిలబడితే సరిపోతుంది. మబ్బుల ఫోటోలకు నాసా వాళ్ళ గ్లోబ్ అబ్జర్వర్ యాప్ ఉంది, వాటిని ఉపగ్రహాలు అదే సమయంలో చూసినదానితో పోల్చి చూస్తారు. మీ టైమ్ ల్యాప్స్‌లో తేలిన గాలి దిక్కు నిజమో కాదో సరిచూసుకోవాలంటే హైదరాబాదు, విశాఖపట్నం, మచిలీపట్నం కేంద్రాల నుంచి వాతావరణ శాఖ వదిలే బెలూన్ల కొలతలు ఉన్నాయి. ఉపగ్రహానికి ఎక్కువగా కనపడేది మబ్బుల పైభాగం. దట్టమైన మబ్బు అడుగు ఎలా ఉందో, దాని కింద గద్ద తిరుగుతోందో లేదో కింద మేడ మీదున్నవాళ్ళకే తెలుస్తుంది.